దొంగకూ తక్‌పట్టీ: ఒక హైస్ట్ స్క్రిప్ట్ కేస్ స్టడీ

నేపథ్యం

హనుమకొండలో ఉంటూ చిన్న బడ్జెట్ సినిమాల స్క్రిప్టులు చదివి, అవి ఎక్కడ ఎందుకు ఆగిపోయాయో చెప్పే పని చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ప్రేమకథలు, హారర్ కామెడీలు ఎక్కువ. పక్కా ప్రొఫెషనల్ దొంగ చుట్టూ తిరిగే హైస్ట్ (పెద్ద దొంగతనం) కథ, అదీ నియో-నువార్, అంటే మనుషుల చీకటి కోణం చూపే నేర కథ వస్తే కొంచెం నిటారుగా కూర్చుంటాను. ఈ కేసు రాసి పెట్టడానికి కారణం అదొక్కటే కాదు. ఒక కథలోని ఉచ్చు పరాయి సినిమాలోంచి కాకుండా మన మార్కెట్ యార్డులోంచి ఎలా బయటికి వచ్చిందో ఇందులో కనిపించింది.

దర్శకుడికి ముప్పై ఏళ్ళ లోపే. షార్ట్ ఫిల్మ్స్ తీశాడు, వాటికి ఊళ్ళో మంచి పేరే ఉంది. ఇంట్లో వాళ్ళు మిర్చి రైతులు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కథలోని పేర్లు మార్చాను. దొంగను ఇక్కడ మొగిలి అందాం.

మొగిలికి వరంగల్‌లో పాత ఆజంజాహీ మిల్లు వైపు ఒక వెల్డింగ్ షాపు. పగలు గేట్లు, గ్రిల్స్. ఎప్పుడో ఒకసారి, చాలా దూరం వెళ్ళి, తిజోరి. కత్తి పట్టడు, ఇళ్ళ జోలికి పోడు, సొంత ఊళ్ళో పని చేయడు. ఒక పెద్దమనిషి పిలిచి, ఊళ్ళోనే ఒక అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే చోటు) తిజోరి తెరవమంటాడు. మొదటి డ్రాఫ్ట్ 140 పేజీలు.

సమస్య

నిర్మాత హనుమకొండలోనే రియల్ ఎస్టేట్ చేసే వ్యక్తి. చదివి ఒక్క మాట అన్నాడట: "దొంగతనం మస్తుంది. దొంగ ఏమైతే నాకేంది?"

దర్శకుడు దీన్ని 'ఎమోషన్ తక్కువైంది' అని అర్థం చేసుకున్నాడు. వస్తూనే "అన్నా, ఒక మంచి ఫ్లాష్‌బ్యాక్ పడాలె" అన్నాడు. రోగి చెప్పే రోగం పేరును వెంటనే ఒప్పుకోవడం నా అలవాటు కాదు. నలుగురైదుగురిని కూర్చోబెట్టి స్క్రిప్టు పైకి చదివించి, వాళ్ళు ఏ పేజీ దగ్గర ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నారో మార్జిన్‌లో గీత పెడతాను. మొహమాటానికి అబద్ధం చెప్పగలరు గానీ ఫోన్ దగ్గర మొహమాటం పనిచేయదు.

ఈ స్క్రిప్టుకు గీతలు పడ్డది నెమ్మదైన సీన్ల దగ్గర కాదు. మొగిలి షాపులో ఒంటరిగా టీ తాగే సీన్‌ను అందరూ విన్నారు. ఇంటర్వెల్‌కు తిజోరి తెరుచుకుని డబ్బు సంచిలో పడగానే ఫోన్లు బయటికి వచ్చాయి. సెకండాఫ్ అంతా పోలీసుల వెంటపడటమే. అంటే దొంగ మీద ప్రేమ లేకపోవడం కాదు సమస్య. డబ్బు చేతికొచ్చాక అతనికి కావలసింది ఏమీ మిగల్లేదు. వినేవాళ్ళకు కూడా.

ఇంకో చిన్న గీత ఉంది, దాన్ని ముందు పట్టించుకోలేదు. తిజోరిలో ఉన్నది రైతులకు ఇవ్వాల్సిన డబ్బు అని తెలిసిన చోట, ఒక కుర్రాడు మొహం తిప్పుకుని "అవి రైతుల పైసలు గదా" అన్నాడు. దీని సంగతి తర్వాత.

చేసి చూసినవి, పనిచేయనివి

ఫ్లాష్‌బ్యాక్ రాయకుండా దర్శకుడు నిద్రపోయేలా లేడు, రాయమన్నాను. మొగిలి తండ్రి మిల్లు కార్మికుడు, మిల్లు మూతపడింది, కూతురికి ఆపరేషన్. ఆజంజాహీ మిల్లు 1934లో నిజాం కాలంలో మొదలై 2002లో మూతపడిన మాట నిజమే. ఆ నష్టం మోసిన కుటుంబాలు వరంగల్‌లో బోలెడు. కానీ చదివితే సీన్ ముందే తెలిసిపోతోంది. డాక్టర్ కళ్ళజోడు తీసేలోపే వినేవాళ్ళకు బిల్లెంతో అర్థమైపోయింది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి. అవసరం తోసుకొచ్చి ఒక్కసారి దొంగతనం చేసేవాడి కథ వేరు, అదే వృత్తిగా బతికేవాడి కథ వేరు. రెండోవాడికి సాకు తగిలిస్తే వాడి నైపుణ్యమంతా సాకు కిందికి పోతుంది. ఆపరేషన్ తీసేశాం. మిల్లును ఒక్క డైలాగ్‌లో ఉంచాం. తండ్రి పనిచేసిన చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళున్నాయని మొగిలి మామూలుగా, వేరే పని చేస్తూ అంటాడు.

తర్వాత దర్శకుడు ఉత్సాహం కొద్దీ గ్యాంగును పెంచాడు. డ్రైవర్, సీసీ కెమెరాలు ఆపే కుర్రాడు, లోపలి మనిషి, అందరికీ ఇంట్రడక్షన్. సరదాగానే ఉంది. అయితే కథ పక్కకు జారింది. ప్లాన్‌ను చూసి ఆనందించమనే హైస్ట్ సినిమాలు ఒక రకం. వాటిలో ప్లాన్ పారితే చప్పట్లు. నువార్‌లో ప్లాన్ పారడమే అసలు కష్టాలకు మొదలు. 1950లో జాన్ హ్యూస్టన్ తీసిన 'ది ఆస్ఫాల్ట్ జంగిల్', 1955లో జూల్స్ డాసిన్ ఫ్రాన్స్‌లో తీసిన 'రిఫీఫీ' రెండింటిలోనూ దొంగతనం మీద ఎంత శ్రద్ధ ఉంటుందో, ఆ తర్వాత మనుషులు ఒకరి చేతిలో ఒకరు ఎలా చెడిపోతారన్న దానిమీద అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మన బడ్జెట్‌కు ఆరుగురు గ్యాంగ్ అంటే ఆరుగురికి డేట్లు, భోజనాలు, బండ్లు కూడా. నిర్మాత పేరు చెప్పి వాళ్ళను ఇద్దరికి కుదించాం. నిజానికి నాకు కావలసింది కూడా అదే.

మూడోది లుక్. దర్శకుడు, కెమెరామన్ కలిసి రాత్రిపూట మండీబజార్ దగ్గర టెస్ట్ షూట్ చేశారు. ట్యాంకర్‌తో రోడ్డు తడిపారు, పొగ పెట్టారు, నీలం లైటు ఒకవైపు, నారింజ లైటు ఒకవైపు. ఫుటేజ్ చూస్తే బంగారం షాపు యాడ్‌లా ఉంది. ఎందుకో ముగ్గురం కూర్చుని విడదీశాం. పాత సోడియం దీపాలున్న రోజుల్లో వీధికి ఒకే రంగు ఉండేది, నీడ చిక్కగా పడేది. ఇప్పుడు ఎల్‌ఈడీలు తెల్లగా, సమంగా పోస్తాయి. దానికితోడు సందుల్లో సీసీ రోడ్లు. తారు రోడ్డు తడిస్తే నల్లగా మారి దీపాన్ని అద్దంలా పట్టుకుంటుంది. సిమెంటు తడిస్తే బూడిదరంగులో మసకబారుతుందే గానీ మెరుపు రాదు. ట్యాంకర్ డబ్బులు నీళ్ళలా పోయాయంటే అక్షరాలా నిజం.

మలుపు తిరిగిన చోటు

ఇక్కడ దర్శకుడికి మైకేల్ మన్ 1981లో తీసిన 'థీఫ్' చూపించాను. సాధారణంగా క్లయింట్‌కు రిఫరెన్స్ సినిమా చూపించడానికి భయపడతాను. చూసినవాళ్ళు షాట్లు ఎత్తుకొస్తారు. ఈసారి షరతు పెట్టాను: షాట్లు కాదు, డబ్బు లెక్క రాసుకుని రా.

ఆ సినిమాలో జేమ్స్ కాన్ వేసిన ఫ్రాంక్ షికాగోలో తిజోరీలు తెరిచే దొంగ, పైకి కార్ల వ్యాపారి. తనకు కావలసిన బతుకును కాగితం మీద ఫొటోలుగా అతికించి జేబులో పెట్టుకుని తిరుగుతాడు: భార్య, బిడ్డ, ఇల్లు. లియో అనే పెద్ద తలకాయ వాటిని ఒక్కొక్కటే చేతిలో పెడతాడు. దత్తత కుదరకపోతే బిడ్డను కూడా తెచ్చిస్తాడు. పెద్ద పని అయిపోయాక మాట ఇచ్చినదాంట్లో కొంచెమే చేతికిచ్చి, మిగతాది నీ పేరు మీద షాపింగ్ సెంటర్లలో పెట్టానంటాడు. అసలు ఉచ్చు పోలీసులు కాదు, ఆ మేలు.

దర్శకుడు లెక్క రాసుకొచ్చాడు. కాగితం నా ముందు పెట్టి "అన్నా, ఇది మా నాయిన తక్‌పట్టీ లెక్కనే ఉంది" అన్నాడు. నేను పెన్ను పక్కన పెట్టాను. కేసు అక్కడే కుదిరింది, కుదిర్చింది నేను కాదు.

ఎనుమాముల మార్కెట్ తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరం. వరంగల్ ఎనుమాముల యార్డు ఆసియాలోనే పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటని చెబుతారు. మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట పాడతారు. ఆ రోజుకు పై ధర అది. ఆ ధర కొన్ని బస్తాలకు దక్కుతుంది, మిగతావాటికి తేమ అనీ తాలు అనీ తగ్గుతుందని రైతులు ఏటా మొత్తుకుంటూనే ఉంటారు. సరుకు అమ్మాక చేతికి వచ్చే చీటీ తక్‌పట్టీ. బస్తాలు, తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ళ కూలి), తీసేయాల్సినవన్నీ తీసేసి చివర మిగిలింది. ముందే పెట్టుబడికి అప్పు తీసుకున్న రైతు, అప్పు ఇచ్చిన అడ్తిదారు దగ్గరే అమ్ముకోవాలి. అప్పు, వడ్డీ కూడా ఆ లెక్కలోనే తెగుతాయి. అందరు అడ్తిదారులూ ఒకేలా ఉండరు. ఆపదలో ఆదుకునేది కూడా వాళ్ళే. ఆ ఆదుకోవడం వల్లే పట్టు బిగుస్తుంది కాబట్టి కథకు పనికొచ్చింది.

కొత్త డ్రాఫ్ట్‌లో పిలిచే పెద్దమనిషి ఇంకో అడ్తి సేటు. ఎక్కడా గొంతు పెంచడు. ముందు షాపు కిరాయి బాకీ కట్టేస్తాడు, ఇల్లు చూపిస్తాడు, పెళ్ళి కుదిర్చే చోట పెద్దరికం వహిస్తాడు. పనికి నలభై లక్షలని జెండా పాట లాంటి మాట చెబుతాడు. పని అయ్యాక గుమాస్తాతో చీటీ రాయిస్తాడు. కిరాయి బాకీ, ఇంటికి పెట్టింది, పెళ్ళి ఖర్చు, వడ్డీ. చివర తొమ్మిది లక్షల చిల్లర.

"సేటు, నలభై అన్నవు గదా?"

"అన్న. రాసిందంత నీకిచ్చిందే గద మొగిలి. చదువుకో."

ఈ సీన్ చదివిన రోజు ఒక్క ఫోన్ కూడా బయటికి రాలేదు. దీన్ని ఇంటర్వెల్‌కు తెచ్చి, తిజోరి తెరిచే సీన్‌ను దాని ముందుకు జరిపాం. అప్పటిదాకా నైపుణ్యమే బలం అనుకున్న మనిషికి బేరంలో ఆ నైపుణ్యం విలువ ఎంతో తెలుస్తుంది. ప్రేక్షకుడికి ప్రేమ పుట్టించడానికి ఆస్పత్రి అక్కర్లేకపోయింది. ఆ చీటీ చేతిలో పట్టుకున్న అనుభవం ఈ చుట్టుపక్కల ప్రతి మూడో ఇంట్లో ఉంటుంది.

ఇక ఆ కుర్రాడి మాట. తిజోరిలోవి రైతుల డబ్బులైతే, తర్వాత మొగిలికి జరిగే అన్యాయానికి ఎవరూ బాధపడరు. పైగా కథ చెప్పే విషయానికే అడ్డు తగులుతుంది. లెక్కల్లోకి ఎక్కించకుండా నడిపే జీరో దందా డబ్బుగా మార్చాం. దీంతో ఇంకో లాభం కలిసొచ్చింది. పోయినవాడు ఫిర్యాదు ఇవ్వలేడు. ఇవ్వలేడు కాబట్టి పోలీసుల వెంటపడే సెకండాఫ్ మొత్తం అవసరం లేకుండా పోయింది. నలభై పేజీలు తీసేసినా కథకు ఏమీ కాలేదంటే అవి మొదటి నుంచీ బరువే.

పనితనం చూపించాలి, పద్ధతి చూపించకూడదు

ప్రొఫెషనల్ దొంగ కథలో పనిని దాచేస్తే అతను ప్రొఫెషనల్ అని నమ్మలేం. 'థీఫ్' కోసం నిజంగా ఉక్కును కరిగించే పరికరాలే వాడారు. అసలు దొంగగా బతికిన జాన్ సాంతుచ్చి సలహాదారుగా ఉండటమే కాదు, అందులో లంచగొండి పోలీసు పాత్ర కూడా వేశాడు. అప్పటికి షికాగో పోలీసు ఉద్యోగంలో ఉన్న డెనిస్ ఫరీనా రౌడీ పాత్ర వేశాడు. దర్శకుడికి ఇది తెగ నచ్చింది. "మనం గూడ ఒకణ్ణి పట్టుకుందామా అన్నా?" అన్నాడు. వద్దన్నాను.

కారణం నీతి ఒక్కటే కాదు. మన సెన్సార్ బోర్డు అనుసరించే 1991 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో, నేరస్తులు నేరం చేసే పద్ధతిని చూపించకూడదని స్పష్టంగా ఉంది. ఏ గ్యాస్, ఎంత ప్రెషర్, ఎక్కడ కోయాలి అని చూపిస్తే కట్ పడుతుంది. కట్ పడ్డాక సీన్ కుంటుతుంది. కాబట్టి పేపరు మీదే తేల్చుకోవాలి.

నేను పెట్టుకున్న గీత ఇది: చూసేవాడికి కష్టం తెలియాలి, పద్ధతి తెలియకూడదు. దర్శకుణ్ణి ఒక వెల్డింగ్ షాపులో కూర్చోబెట్టాం. సిలిండర్ మోసేటప్పుడు భుజం ఎటు వంగుతుంది, నల్లద్దాలు తీయగానే కన్ను ఎంతసేపు ఏమీ చూడలేదు, ఇనుము చల్లారేదాకా చేతులు ఏం చేస్తాయి. 'రిఫీఫీ'లో దొంగతనం దాదాపు అరగంట మాటా సంగీతం లేకుండా నడుస్తుంది. అంతసేపు మనం భరించలేం గానీ, సంగీతం తీసేయడం మాత్రం తీసుకున్నాం. అప్పటిదాకా దర్శకుడు ఆ సీన్‌కు ఎలక్ట్రానిక్ బీట్ వేసుకుని చదివేవాడు.

అడ్డంకి మాత్రం సొంతంగా దొరికింది. మామూలుగా హైస్ట్‌లో అలారం మోగుతుంది, వాచ్‌మన్ నిద్రలేస్తాడు. దర్శకుడి అమ్మ కథ విని అడిగిందట: "దుకాణంల మిరపకాయ ఉంటది గదరా, నిప్పు పడితే వాడకట్టంత దగ్గరా?" ఆమె అడిగింది న్యాయమే. అడ్తి దుకాణంలో మూలకు బస్తాలు, బల్ల మీద శాంపిళ్ళు, నేలంతా తొడిమలూ పొడీ. రవ్వ పడి మిర్చి మాడితే లోపలివాళ్ళు ఊపిరి బిగపట్టాల్సిందే. బయట యార్డులో బస్తాల పక్కనే పడుకున్న రైతుల్లో ఒకరు దగ్గుతారు, ఇంకొకరు దగ్గుతారు. సైరన్ లేదు, కుక్క లేదు. సౌండ్ రికార్డిస్ట్ ఈ సీన్ విని పారితోషికం గురించి మాట్లాడటం ఆపేశాడు.

మొదట రాసిన బస్తాలు చపాట మిర్చివి. రంగు బాగుంటుంది, ధర ఎక్కువ, ఎర్రగా గుండ్రంగా కెమెరాకు అందం. వరంగల్ చపాటకు 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కానీ దానికి ఘాటు తక్కువ. ఈ సీన్‌కు తేజ రకమే ఉండాలి. తెర మీద ఆ తేడా చెప్పేవాళ్ళు మిగతా ప్రపంచంలో ఉండరేమో గానీ, ఇక్కడ మొదటి ఆటకే నవ్వుతారు.

లుక్ సమస్య కూడా దాదాపు దీంతోనే తీరింది. రోడ్లు తడపడం మానేసి, యార్డు స్తంభాల మీది లైట్ల కింద టార్పాలిన్ల మెరుపును వాడుకోవాలని కెమెరామన్ నిర్ణయించాడు. తడి రోడ్డు తప్పనిసరైన ఒకే ఒక్క చోటికి తారు రోడ్డు ఎంచుకున్నాడు. యార్డు పేరును కథలో మార్చమన్నాను. అనుమతులు అడిగేటప్పుడు చీటీ సీన్ ఎవరి మీద అని ప్రశ్న వస్తుంది, పేరు లేకపోతే జవాబు చెప్పడం తేలిక.

ముగింపు, ఇంటి కాగితాలు

చివర ఏం కావాలన్న దగ్గర నిర్మాతకూ దర్శకుడికీ పడలేదు. దొంగ అరెస్ట్ కాకపోతే సెన్సార్ ఒప్పుకోదని నిర్మాత వాదన. అలాంటి నియమం హాలీవుడ్‌లో ఒకప్పుడు ఉండేది. 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్ ప్రకారం నేరానికి శిక్ష పడి తీరాలి. పాత నువార్లలో దొంగలు చివర్లో చావడానికి, పట్టుబడటానికి సగం కారణం అదే. 1968లో ఆ కోడ్ పోయింది. మన దగ్గర ఉన్నది నేరాన్ని గొప్పగా చూపకూడదన్న నిబంధన. సంకెళ్ళు వేసి తీరాలని కాదు. ఇది కాగితం మీద రాసిచ్చాక నిర్మాత మెత్తబడ్డాడు.

దర్శకుడు మాత్రం 'థీఫ్' చివరలా మొగిలి తన షాపు, ఇల్లు తనే తగలబెట్టుకుని సేటు మీదికి పోవాలన్నాడు. షరతు గుర్తు చేశాను. ఎత్తుకురావడం సంగతి పక్కన పెట్టినా, ఫ్రాంక్ తగలబెట్టగలిగింది అతనికి ఒంటరితనం జైల్లోనే అలవాటైంది కాబట్టి. మొగిలికి చుట్టూ వాడకట్టు ఉంది, బాకీలున్నాయి, పొద్దున గేటు కోసం వచ్చే మనిషి ఉన్నాడు. అతనికి ఆ కోపం అచ్చిరాదు.

తెగింది వేరేచోట. భార్య పాత్రకు నాటకాల్లో పేరున్న ఒక నటిని అడిగారు. రీడింగ్‌కు వచ్చింది. ఆ పాత్రకు అప్పటిదాకా ఎదురుచూడటం, ఏడవటం తప్ప పని లేదు. అంతా విని ఆమె దర్శకుణ్ణి ఒక్కటే అడిగింది: "తమ్మీ, సేటు ఇచ్చిన ఇల్లు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయింది?"

మొగిలి పేరు మీద అన్నాడు దర్శకుడు.

"అట్లైతే అమ్ముకొని పోవచ్చు గద. ఇంక బాధేంది?"

మిగతా డ్రాఫ్ట్ ఆ ప్రశ్న నుంచే వచ్చింది. ఇల్లు సేటు బినామీ పేరు మీద ఉంటుంది. మొగిలి ఇనుము చదవగలడు గానీ దస్తావేజు చదవలేడు. భార్యను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజు రాసేవాళ్ళ దగ్గర టైపింగ్ చేసే మనిషిగా మార్చాం. కాగితాలు చదివేది ఆమె. చీటీలో ఇంటికని కోసిన డబ్బుకు ఇల్లే లేదని కనిపెట్టేది ఆమె. సేటు ఎదుట కూర్చుని, గొంతు పెంచకుండా, ఆ చీటీని వెనక నుంచి ముందుకు చదివించేది కూడా ఆమే. జీరో దందా లెక్కలు రాసిన పుస్తకం మొగిలి తిజోరి నుంచి డబ్బుతో పాటు తెచ్చాడన్న సంగతి అప్పుడు బయటపడుతుంది. ఇద్దరు సేట్ల వ్యాపారమూ అందులో ఉంది.

దీన్ని బెదిరింపు అనొచ్చు, బేరం అనొచ్చు. గెలిచినట్టు చూపించలేదు. పుస్తకం చేతిలో ఉన్నంతకాలం వాళ్ళు ఆ ఊళ్ళో ఉండలేరు, పుస్తకం ఇచ్చేస్తే ఎక్కడా ఉండలేరు. సినిమా అక్కడ ఆగుతుంది. నాకు ఇంకా ఒక అనుమానం ఉంది. పుస్తకం సంగతి కొంచెం ముందే తెలిస్తే ఆ సీన్‌లో టెన్షన్ ఇంకా పెరుగుతుందని నా లెక్క. దర్శకుడు ఒప్పుకోలేదు, సినిమా అతనిది.

ఇప్పుడు నేర కథ ఏది వచ్చినా, దొంగతనం ఎలా చేస్తాడన్నది నేను చివర్లో అడుగుతున్నాను. ముందు అడిగేది వాటా ఎవరు పంచుతారు, ఆ లెక్క ఏ కాగితం మీద రాస్తారు అని. చిట్టీల నేపథ్యంలో రాసుకొచ్చిన ఇంకో కుర్రాడికి ఇదే ప్రశ్న వేస్తే స్క్రిప్ట్ వెనక్కి తీసుకుపోయాడు. మళ్ళీ రాలేదు. అందరికీ ఈ మందు పడదు.

ఈ స్క్రిప్టుకు నిర్మాత సరేనన్నాడు, నిడివి 96 పేజీలకు వచ్చింది. వర్షాకాలంలోనే మొదలుపెడదామన్నారు గానీ అప్పుడు యార్డులో కొత్త మిర్చి ఉండదు, బస్తాల పక్కన పడుకునే రైతులూ ఉండరు. రాత్రి సీన్లు ఫిబ్రవరికి వాయిదా వేసుకుని, ముందు వెల్డింగ్ షాపు భాగం తీస్తున్నారు.